ఒకటో తరగతిలో ఆఫీసరు

మా బడితాత నోట ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఎందాకా చదివారు?" జవాబు చెప్పకుండా ఆయన కాసే గుమ్మం దాటినవాళ్ళు లేరు. ఒకసారి లోపల దూరిన కుక్కనీ అడిగాడంటారు. అది నేను చూడలేదు. పిల్లినడగడం చూశాను.

ఆ గుమ్మం ఉన్న భవనం ఒకప్పుడు బడి. తాత అందులో బంట్రోతు. బడి కొత్త చోటికి వెళ్ళింది, తాత వెళ్ళలేదు. భవనం ధాన్యం గోదామైంది. "ఆరో తరగతి నిండింది. మిగతా బస్తాల్ని ఏడులోకి పాస్ చేయండి," అనేవాడట హమాలీలతో. తర్వాత ఆసుపత్రి అయింది. లెక్కల గదిలో కవలలు పుడితే తండ్రి దగ్గరికి పరుగెత్తి, "కూడిక అనుకున్నాం, గుణకారం అయింది నాయనా," అన్నాడట. చివరికి రిజిస్ట్రేషన్ ఆఫీసయింది. అప్పుడే నేను గుమాస్తాగా చేరాను.

"ఎందాకా చదివావు?"

"డిగ్రీ, తాతా."

"అంత పెద్ద తరగతి మా దగ్గర లేదు. పదిలో సర్దుకో."

పన్నెండేళ్ళుగా పదిలోనే సర్దుకుంటున్నాను.

పని మీద వచ్చినవాళ్ళు పిలుపు వచ్చేదాకా ఏదో ఒక గదిలో కూర్చోవాలి. ఎవరెక్కడన్నది తాత ఇష్టం. ఐదు చదివినవాడు ఆరులో, ఏడు చదివినవాడు ఎనిమిదిలో. అదేం లెక్కో మాకు అంతు పట్టలేదు. చాదస్తమనుకుని ఊరుకున్నాం.

ఊరుకోనిది ఆఫీసరు ఒక్కరే. ఆయనది పాత ఒకటో తరగతి గది.

"ఏమయ్యా, వీళ్ళంతా తిన్నగా నా గదిలోకే వస్తారెందుకు?"

"అక్షరం ముక్క రానివాళ్ళు బాబూ. ఒకటో తరగతిలో కాక ఇంకెక్కడ కూర్చోబెట్టను?"

"నాది ఒకటో తరగతేమిటి! నేను ఎం.ఏ. పాసయ్యాను!"

"అదంతా బయట బాబూ. ఇక్కడ మూడేళ్ళుగా ఒకటిలోనే ఉన్నారు."

మర్నాడే మెమో వచ్చింది. పిలవకుండా ఇంకొక్కరు ఆ గదిలో కూర్చుంటే తాత ఉద్యోగం ఊడినట్టే. తాత దాన్ని చదివి, ఒక అక్షరదోషం దిద్ది, జేబులో పెట్టుకున్నాడు. వారం రోజులు ఎవరినీ ఏమీ అడగలేదు. చదువు రానివాళ్ళు వరండాలో కూర్చున్నారు. ఆఫీసు సెలవురోజు బడిలా ఉంది.

ఎనిమిదో రోజు ఒక పెద్దావిడ తమ్ముడితో వచ్చింది. కాగితాలు తమ్ముడి చేతిలో ఉన్నాయి. ఆవిడ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"రా అక్కా, వేలిముద్ర వేసేస్తే అయిపోతుంది. ఆగావేం?"

"అలవాటురా. చిన్నప్పుడు నీ పుస్తకాల సంచీ మోసుకొచ్చి రోజూ ఇక్కడే కదా ఆగిపోయేదాన్ని," అని నవ్వింది.

తాత ఆవిడ వంక చూశాడు. ఆఫీసరు తలుపు వంక చూశాడు. జేబు తడుముకున్నాడు.

"ఎందాకా చదివావు చెల్లెమ్మా?"

"గుమ్మం దాకా అన్నా."

"అయితే ఒకటో తరగతి. లోపలికి పద. కాగితం నువ్వే పట్టుకో." వెనకే కదిలిన తమ్ముణ్ణి ఆపాడు. "నువ్వెందాకా?"

"పది."

"పదకొండు లేదు. ఇక్కడే నిలబడు."

నేనప్పుడు ఫైలుతో ఆఫీసరు గదిలో ఉన్నాను. ఆవిడ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"నిన్నెవరు రమ్మన్నారు?" ఆఫీసరు గొంతు వరండా దాకా వినిపించింది.

"నన్ను బళ్ళో చేర్చుకున్నారండీ."

ఆఫీసరు విసుక్కున్నాడు. కాగితం లాక్కుని పైకి చదవడం మొదలుపెట్టాడు. సగంలో ఆవిడ చెయ్యెత్తింది.

"ఆగండి బాబూ. తోట ఒక్కటే రాసిమ్మన్నాడే మా తమ్ముడు! ఇల్లెప్పుడు దూరింది అందులోకి?"

ఆఫీసరు కళ్ళజోడు తీశాడు. తమ్ముణ్ణి పిలిపించాడు. పది చదివినవాడు ఒకటో తరగతిలో తల దించుకు నిలబడ్డాడు. ఇల్లు కాగితంలోంచి బయటికొచ్చింది.

తాత లెక్క నాకప్పుడర్థమైంది. చదువు రానివాళ్ళ కాగితాలన్నీ మూడేళ్ళుగా ఆఫీసరే విసుక్కుంటూ చదివి వినిపిస్తున్నాడు. మిగిలినవాళ్ళు, తాము ఎక్కలేకపోయిన తరగతిలో కాసేపైనా కూర్చుని వెళ్తున్నారు.

సాయంత్రం తాత మెమో తెచ్చి ఆఫీసరు బల్ల మీద పెట్టాడు.

"నేను వెళ్ళిరానా బాబూ?"

ఆఫీసరు దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపాడు.

"అది సరే తాతా. నన్ను రెండో తరగతికి ఎప్పుడు పంపుతావు?"

"కుదరదు బాబూ," అన్నాడు తాత. "మీరు పైకెళ్ళిపోతే ఒకటో తరగతికి పంతులెవరు?"