వెనక్కి వేసిన నాలుగు అడుగులు

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో చాలామందికి తెలియదు. కట్టుడు పళ్ళు చేస్తుంది కాబట్టి అందరూ పళ్ళమ్మ అనేవారు. డాక్టర్లు రోగుల నోటి అచ్చులు పంపిస్తే, మైనంతో ఒక్కొక్క పన్నూ చెక్కి సెట్లు తయారుచేసేది. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఎవరు ఎదురుపడినా ముందు నోటివైపు చూసేది, ముఖం తర్వాతే.

ఒకరోజు ఉదయం దుకాణం బోర్డుకి కొత్త రంగు వేయించింది. పెయింటరు వెళ్ళిపోయాక, అక్షరాలు వంకరపోయాయేమోనని అనుమానం వచ్చింది. గుమ్మంలో నిలబడితే బోర్డు పూర్తిగా కనబడదు. తలెత్తి చూస్తూ ఫుట్‌పాత్ మీద వెనక్కి మూడు అడుగులు వేసింది. నాలుగోది వేస్తుండగా స్కేట్‌బోర్డు మీద వస్తున్న మనిషి గుద్దేశాడు. ఇద్దరూ పడ్డారు. ఆవిడ కుడి మణికట్టు ఒంటి కింద నలిగి విరిగింది.

గుద్దినవాడు కుర్రాడేమీ కాదు, నలభై దాటిన లెక్కల మాస్టారు. రోజూ బడికి అలాగే వెళతాడు. ఆయనే ఆవిణ్ని ఆసుపత్రికి తీసుకొచ్చి, బయట బెంచీ మీద స్కేట్‌బోర్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నొప్పిని పంటి బిగువున భరిస్తున్న ఆవిణ్ని కానిస్టేబులు అడిగాడు.

“గుద్దింది ఆ బయట కూర్చున్నాయనేనా?”

“ముఖం గమనించలేదు బాబూ. కింద రెండు పళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి. ఓసారి నోరు తెరవమను, చెబుతాను.”

కానిస్టేబులు అది రాసుకోవాలో వద్దో తేల్చుకోలేకపోయాడు.

కట్టు వేశాక చెల్లెలు ఆవిణ్ని లాయరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన అంతా విన్నాడు.

“ఫుట్‌పాత్ నడిచేవాళ్ళదమ్మా. చక్రాల మీద వచ్చేవాడే చూసుకోవాలి. తప్పంతా ఆయనదేనని తేలుతుంది. మీరు తిన్నగా నడిచి వెళుతున్నారని రాస్తాను.”

“నేను వెనక్కి నడిచానండీ.”

“ఎవరైనా చూశారా?”

“లేదు. ఆయన కూడా చక్రాలు ఇరుక్కోకుండా కింద రాళ్ళ సందులే చూసుకుంటూ వస్తున్నాడట.”

“మరింకేం? నడిచేవాళ్ళు జాగ్రత్త తప్పితే కొంత బాధ్యత వాళ్ళ మీదికీ వస్తుంది. ఆ మేరకు పరిహారం తగ్గిపోతుంది. అడగని మాట చెప్పకండి.”

కోర్టుదాకా పోకుండా మధ్యవర్తి ముందు కూర్చుందామని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. పొడవాటి బల్లకి ఒకవైపు మాస్టారు, ఇంకోవైపు అక్కాచెల్లెళ్ళు, లాయరు. మధ్యవర్తి పెద్దావిడ. కాగితం చదివి కళ్ళజోడు తీసింది.

“తిన్నగా నడుస్తున్నారన్నమాట?”

లాయరు ఔనన్నట్టు తలాడించాడు. అడగని మాట కాదిది, అడిగిన మాటే. పళ్ళమ్మ కట్టు కట్టిన చేతిని బల్ల మీద సర్దుకుంది.

“లేదండీ. బోర్డు చూసుకుంటూ వెనక్కి నడిచాను. వెనక ఎవరొస్తున్నారో చూడలేదు.”

చెల్లెలు మోచేత్తో పొడిచింది. అప్పటికే ఆలస్యమైపోయింది. మాస్టారు మధ్యవర్తివైపు తిరిగాడు.

“ఫుట్‌పాత్ దిగి వెళ్ళమని మా ఆవిడ చెబుతూనే ఉంది. నేనే వినలేదు. ఈవిడ ఎటు నడిచినా నేను చూసుకోవాల్సింది.”

ముప్పావు వంతు బాధ్యత మాస్టారిదనీ, పావు వంతు పళ్ళమ్మదనీ మధ్యవర్తి రాసింది. పళ్ళమ్మ ఎడమచేత్తో సంతకం పెట్టింది. అది పిల్లల రాతలా వచ్చింది.

మెట్లు దిగుతుంటే చెల్లెలు ఆగలేకపోయింది. “నీ నోటికి తాళం వేసుంటే బాగుండేదక్కా.”

“ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ సరిచేసి, నా నోరు వంకర పెట్టుకోమంటావా?”

మాటైతే గట్టిగానే అంది కానీ, ఆ పావు వంతు వారం రోజులు ఆవిడ మనసును పీకింది. చేతికి ఆపరేషన్ కూడా కావాలని డాక్టరు చెప్పిన రోజు మరీ ఎక్కువగా.

నాలుగు నెలలకి ఎముక అతికింది. మణికట్టు మాత్రం మునుపటిలా తిరగలేదు. ముందు పళ్ళు చెక్కడానికి ఇబ్బంది లేదు. దవడ పళ్ళ మీద గాడులు తీయాలంటేనే చెయ్యి తిరగాలి. కొన్నాళ్ళు కుస్తీ పట్టాక, చెయ్యి కదపకుండా అచ్చునే తిప్పుతూ చెక్కడం మొదలుపెట్టింది. మూడు రోజుల్లో అయ్యే సెట్టుకి పదకొండు రోజులు పట్టింది. పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలవడం లేదని డాక్టరు ఒకసారి వెనక్కి పంపాడు. మళ్ళీ చేసి పంపింది. ఈసారి తిరిగి రాలేదు.