నేను నకిలీ అన్న వాచీ

నా దగ్గర ముప్పై ఒక్క చేతివాచీలు ఉన్నాయి. వాటిలో తొమ్మిది నకిలీవి. ఆ తొమ్మిదీ నేను మోసపోయి తెచ్చుకున్నవి కావు, తెలిసి కొన్నవి. అసలుదాన్ని పోల్చుకోవాలంటే నకిలీదాన్ని పక్కన పెట్టుకుని చూడాలి. ఇంకో ఆరింటికి ముళ్ళో, డయలో, బెల్టో నేనే మార్చాను. మార్చిన ప్రతిదాని పెట్టెలోనూ ఏ భాగం ఏ తేదీన మార్చానో చీటీ రాసి ఉంచాను. రేపు అది ఎవరి చేతికి వెళ్ళినా వాళ్ళు దాన్ని ఉన్నదానికన్నా గొప్పదని అనుకోకూడదు.

అమలాపురంలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ తరువాత మా వీధి చివర వాచీలు బాగుచేసే ఆయన దుకాణంలో స్టూలు మీద కూర్చుని రెండేళ్ళు పని నేర్చుకున్నాను.

"టీచరుగారండీ, ఈ వయసులో తమకి ఇదేం సరదా అండీ? హాయిగా మనవల్ని ఆడించుకోక!" అన్నారాయన మొదటిరోజు.

"మనవలు లేరండి. మీరు ఆ స్క్రూ ఎటు తిప్పాలో చెప్పండి," అన్నాను.

మూడో నెలకల్లా "తమరు చూడండి, నాకు ఆనడం లేదు" అని కంటి భూతద్దం ఆయనే నా చేతికి ఇచ్చేవారు. ఆయన దుకాణం మూసేశాక జనం వాచీలు పట్టుకుని మా ఇంటికి రావడం అలవాటైంది. బాగుచేయించుకోవడానికి కాదు, అసలుదో కాదో చెప్పించుకోవడానికి. మా వైపు గల్ఫ్ వెళ్ళొచ్చిన మనిషి లేని వీధి ఉండదు. మనుషులతో వాచీలూ వస్తాయి.

నా పద్ధతి ఒకటే. ముందు వెనక మూత తీసి లోపలి మిషను చూస్తాను. తరువాత డయల్ మీద అక్షరాలు చూస్తాను. చివరికి వాచీని ఏడు రోజులు నా దగ్గర ఉంచుకుని, రోజూ నేనే కీ తిప్పి, ఉదయం సరిగ్గా ఆరు గంటలకి ఫోనులో టైముతో సరిచూసి, ఎన్ని సెకన్లు ముందో వెనకో నోటుబుక్కులో రాస్తాను. ఆ ఏడూ కూడి ఏడుతో భాగిస్తే దాని నడక తెలుస్తుంది. అక్షరాలు ఎవరైనా చెక్కగలరు, మంచి నడక మాత్రం అందరికీ చేతకాదు అనేది నా నమ్మకం. ఈ పద్ధతిలో అప్పటికి నూట నలభై రెండు వాచీలు చూశాను. ఒక్కటీ తప్పు చెప్పలేదు.

నూట నలభై మూడోది జనవరి మూడున వచ్చింది. తెచ్చినావిడకి యాభై ఐదుంటాయి. తాటిపాక దగ్గర పల్లెటూరు. అన్నగారిని తోడు తెచ్చుకుంది. ఆయన కొబ్బరికాయల వ్యాపారం చేస్తారు.

ఆవిడ మస్కట్‌లో ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో పనిచేసింది. ఆ ఇంటి పెద్దావిడ మంచం పట్టాక స్నానం, మందులు, తిండి అన్నీ ఈవిడే చూసుకుంది. తనకి మోకాళ్ళు పట్టేసి ఇంక చేయలేక వచ్చేస్తుంటే, ఆ పెద్దావిడ పోయిన భర్త పెట్టుకునే వాచీని స్వయంగా ఈవిడ చేతికి కట్టి పంపిందట. పేరు రాయను గాని, పెద్ద పేరున్న స్విస్ కంపెనీ వాచీ.

"పెట్టుకుని తిరిగితే బాగానే నడుస్తుందండి. తీసి గూట్లో పెడితే పొద్దున్నకి నిలబడిపోతందండి," అంది.

"చేతి ఊపుకి కీ ఎక్కే రకం అమ్మా ఇది. తీసి పెడితే కొంతసేపటికి ఆగుతుంది. అది జబ్బు కాదు," అన్నాను.

అన్నగారు నవ్వారు. "జబ్బు కాదండి, రకమే అది. సంతలో సరుకండి ఇది! ఇరవై రెండేళ్ళు చాకిరీ చేయించుకుని, ఆడుకునే వాచీ ఒకటి చేతికి కట్టి పంపించిందండి ఆ మహాతల్లి. మా చెల్లేమో దీన్ని దేవుడి పటం పక్కన పెట్టుకుంటందండి."

"నువ్వు ఊరుకో అన్నయ్యా! ఆవిడ అలాటి మనిషి కాదు," అందావిడ. నా వైపు తిరిగి, "నాకు దీని ఖరీదుతో పనిలేదండి. అమ్మేదాన్నీ కాదు. ఆవిడ నన్నేమనుకుని ఇచ్చిందో అది తెలిస్తే చాలండి," అంది.

ఆ మధ్యాహ్నం రెండు గంటలకి మూత తీశాను. మూత అంచున కత్తి గీతలున్నాయి. లోపల మిషను మీద చెక్కిన అక్షరాలు మసకగా, నూనె జిడ్డుగా కనిపించాయి. డయల్ చూస్తే అంకెలు ఉండాల్సినదానికన్నా పెద్దవి. ఆ కంపెనీ అలాంటి అంకెలు ఎప్పుడూ వేయలేదు. ఇక నడక. జనవరి నాలుగు నుంచి పది వరకు ఏడు రోజులకి మొత్తం ఇరవై తొమ్మిది నిమిషాల పది సెకన్లు వెనకబడింది. రోజుకి సగటున నాలుగు నిమిషాల పది సెకన్లు. మంచి వాచీకి, ఎంత పాతదైనా, అర నిమిషం వెనకబడడమే ఎక్కువ. మూడు సాక్ష్యాలూ ఒకే మాట చెప్పాయి.

పదకొండున, శుక్రవారం, ఆవిడ ఒక్కతే వచ్చింది. నేను మాటలు వెతుక్కునే మనిషిని కాను. నోటుబుక్కు తెరిచి చూపించి, "నకిలీదమ్మా," అన్నాను.

ఆవిడ ఆ పేజీకేసి చూసింది. "ఆయ్," అంది. వాచీని జేబురుమాల్లో చుడుతుండగా ఆవిడ ఫోను మోగింది. తెర చూసి, నొక్కి ఆపేసింది.

"ఎవరమ్మా? మాట్లాడకపోయావా?"

"మస్కట్ ఆవిడేనండి. పెతి శుక్రవారం చేస్తారు," అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ మోగిన ఫోను నా చెవిలో ఉండిపోయిన మాట నిజమే. కాని నేను చెప్పినదాని గురించి నాకు అనుమానం రాలేదు. లెక్క సరిగా ఉంది. లెక్క సరిగా ఉన్నప్పుడు నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోను.

జనవరి ఇరవై ఎనిమిది ఉదయం తలకి రాసుకుందామని కొబ్బరినూనె సీసా వంచితే చుక్క రాలేదు. తెల్లగా పేరుకుపోయింది. చలికాలంలో అది మాకు మామూలే, ఎండలో పెడితే పొద్దున్న పదికల్లా కరుగుతుంది. నాకు ఆగే ఓపిక లేక అడుగున మిగిలిన పాత సీసా తీసి, పుల్లతో కెలికాను. పాతబడిన నూనె కమురు వాసన వచ్చింది. ఆ వాసన ఈమధ్యే, ముక్కుకి బాగా దగ్గరగా చూశాను. ఎక్కడ?

మూత తీసిన ఆ వాచీలో.

ఆ రోజు వాసన తెలియకపోలేదు. నా వేళ్ళదో, నా తలదో అనుకున్నాను. మా సీమలో కొబ్బరినూనె వాసన వచ్చిందని ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. తలల్లో అదే, వంటిళ్ళలో అదే, తలుపు బందుల్లో అదే. మరే ఊరి మనిషయినా ఆ వాచీ తెరవగానే "ఇదేం వాసన?" అని అడిగి ఉండేవారు.

సీసా చేతిలో పెట్టుకునే నోటుబుక్కు తెరిచాను. మిషను చూసింది మధ్యాహ్నం రెండింటికి. అప్పటికి నూనె కరిగి, జిడ్డుగా మాత్రమే కనపడుతుంది. నడక చూసింది ఉదయం ఆరింటికి. అప్పటికి రాత్రంతా అది పేరుకుని చక్రాలను పట్టుకుని ఉంటుంది. చేతికి ఉంటే ఒంటి వెచ్చదనానికి కరిగే ఉంటుంది, నడుస్తుంది. ఆవిడ మొదటిరోజే చెప్పింది, పెట్టుకుంటే నడుస్తోందని. నేను పాఠం చెప్పి పంపేశాను. రోజూ ఒకే టైముకి చూడడమే ఖచ్చితం అనుకున్నాను గాని, సాయంత్రం ఆరింటికి కూడా ఒకసారి చూసి ఉంటే ఏడు రోజులక్కర్లేదు, రెండో రోజుకే తెలిసిపోయేది.

మర్నాడు మంగళవారం. తెల్లవారుజామున మొదటి బస్సెక్కి, ఎండ పైకి రాకముందే తాటిపాకలో దిగి, ఆటోలో వాళ్ళింటికి వెళ్ళాను. సంచిలో భూతద్దం, మూత తీసే కత్తి, పట్టకారు, మెత్తటి కుంచె, చిన్న సీసాలో పెట్రోలు ఉన్నాయి.

అన్నగారు అరుగు మీద పళ్ళు తోముకుంటున్నారు. "ఓరి నాయనో, టీచరుగారే! రండి రండి. ఏమే, కుర్చీ పట్టుకురా!"

ఆవిడ కుర్చీ తెచ్చి వేసింది గాని కూర్చోమనలేదు.

"ఆ వాచీ గురించి నేను తప్పు చెప్పి ఉంటానమ్మా. ఒకసారి తీసుకురా," అన్నాను.

"ఆ రోజు తమరు చెప్పేరని నమ్మేనండి," అంది. గొంతు పెంచలేదు. "ఇప్పుడు తమరే చెప్పేరని మళ్ళీ నమ్మాలాండి?"

"నమ్మొద్దు. నీ కళ్ళతో నువ్వే చూడు."

అన్నగారు నోరు కడుక్కొచ్చి, "మూడు శుక్రవారాలనుంచీ ఆ ఫోను మోగి మోగి ఆగిపోతందండి. ఎత్తదు. నేనెత్తి నాలుగు కడుగుదామంటే నన్నూ ఎత్తనివ్వదు," అన్నారు.

వాచీ తెచ్చి నా చేతిలో పెట్టింది. దేవుడి పటం దగ్గర నుంచి కాదు, బీరువా అడుగునుంచి. మూత తీసి, భూతద్దం ఆవిడ కంటికి పెట్టాను. ఒక కన్ను మూసుకోవడం రాక ఇబ్బంది పడింది. చెయ్యి అడ్డం పెట్టాను.

"ఏం కనపడుతోంది?"

"చక్రాలండి... వాటి మొదట్లో తెల్లగా, పేరినెయ్యిలాగ."

"అది కొబ్బరినూనె. ఎవరు పోశారు?"

ఆవిడ భూతద్దం తీసి అన్నగారి వైపు చూసింది. నేనూ చూశాను.

"ఆయ్... ఒక్క చుక్కేనండి," అన్నారాయన. "తెచ్చిన కొత్తలో బిగిసినట్టుంటే చాకుతో మూత లేపి వేసేనండి. మా ఇంట్లో ఏది బిగిసినా అదే వేస్తామండి. కుట్టుమిషనుకి, సైకిలుకి, ఆఖరికి మా ముసలాయన మోకాళ్ళకి..."

"పోసిందీ నువ్వే, సంతసరుకన్నదీ నువ్వే!" అంది ఆవిడ.

"అమ్మా, ఆగు," అన్నాను. "నూనె వల్ల వెనకబడిందని తేలింది. అంతమాత్రాన అసలుదని కాదు. అది ఇంకా చూడాలి."

వాచీని తువ్వాలు మీద పెట్టి ఎండ పడేచోటికి జరిపాను. ఎనిమిదిన్నరయింది. మేము ముగ్గురం వంగి చూస్తుండగా ఆ తెలుపు అంచుల్లో తడిసి, పలచబడి, కనపడకుండా పోయింది. ఈడుస్తూ నడిచే చక్రం చురుగ్గా ఊగడం మొదలుపెట్టింది. అప్పుడు కుంచెని పెట్రోల్లో ముంచి పిండి, అక్షరాలున్న పలక మాత్రం నెమ్మదిగా తుడిచాను. మసక పోయింది. అక్షరాల అంచులు కత్తితో కోసినట్టు తేలాయి. పలక మీద సన్నటి సమానమైన గీతలు, స్క్రూ తలల అంచు చుట్టూ మెరుగు. నా తొమ్మిది నకిలీల్లో ఒక్కదానికీ ఆ మెరుగు లేదు. పని తెలిసినవాళ్ళు ఎవరికీ కనపడని చోట కూడా పెట్టే శ్రద్ధ అది. పలక మీదా మూత లోపలా ఉన్న నంబర్లు రెండుసార్లు చదివి నోటుబుక్కులో రాసుకున్నాను.

"మిషను అసలుది. దాని చుట్టూ ఉన్న లోహపు పెట్టె అసలుది. డయల్ మాత్రం కాదు, తరువాత ఎవరో మార్చారు. ఎవరో, ఎందుకో నాకు తెలీదు. తెలీనిది తెలుసని చెప్పను. లోపల మిగిలిన నూనె నేను తీయలేను. రాజమండ్రిలో పెద్ద మెకానిక్కు ఉన్నారు. నేనే తీసుకెళ్ళి, దగ్గర కూర్చుని కడిగించి తెస్తాను."

ఆవిడ వాచీకేసి చూడలేదు. నాకేసి చూసింది.

"అయితే ఆవిడ నన్ను..."

"ఆవిడ నీకు తన భర్త వాచీయే ఇచ్చింది. తప్పు నాది. నూట నలభై మూడులో ఒకటి."

"నాకున్నది ఒకటేనండి," అంది.

వాచీ మూత మళ్ళీ బిగించాను.

ఆవిడ లోపలికి వెళ్ళి ఫోను తెచ్చుకుంది. "శుక్రవారం దాకా ఆగవే," అన్నారు అన్నగారు. ఆవిడ వినిపించుకోలేదు. నేను టైము చూశాను. తొమ్మిదీ పది. అక్కడ మనకన్నా గంటన్నర వెనక, ఏడూ నలభై.

చాలాసేపు మోగింది. కలిశాక అవతలి గొంతు సన్నగా, తెంపు లేకుండా వచ్చింది. తిడుతోందని ఆ భాష రాని నాకు కూడా అర్థమైంది. ఈవిడ అరుగు అంచున కూర్చుని, తల ఊపుతూ, మధ్యలో అరబ్బీలో ఒక్కొక్క మాట అంటూ, పమిటతో ముక్కు తుడుచుకుంది. కాసేపటికి ఇద్దరూ మామూలుగా మాట్లాడుకోసాగారు.

"ఇన్నాళ్ళూ ఎందుకు ఎత్తలేదో చెప్పావా?" అని సైగ చేసి అడిగాను.

ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది. "ఫోను పాడైందని చెప్పేనండి."

మూడు వారాలు పాడైన ఫోను! నా వల్ల వచ్చిన అబద్ధం కాబట్టి ఊరుకున్నాను.

"ఆ డయల్ సంగతి అడుగు," అన్నాను.

అడిగింది. అవతల ఆ పెద్దావిడ చాలాసేపు చెప్పింది. ఈవిడ విని, మెల్లిగా నాకు చెప్పింది. "ఆవిడే మార్పించేరటండి. చివర్లో ఆయనకి చూపు ఆనేది కాదటండి. పెద్ద అంకెలేయించి తెచ్చి, కొత్త కళ్ళజోడు పనిచేస్తందని ఆయనతో చెప్పేరటండి."

నోటుబుక్కులో నకిలీ అని రాసిన మాట కొట్టేసి, పక్కన తేదీ వేసి, సంతకం చేశాను. కింద డయల్ వివరం రాసి, "చెప్పినవారు: సొంతదారు భార్య, ఫోనులో" అని చేర్చాను.

అన్నగారు గుమ్మంలో నుంచి, "తొమ్మిదీ నలభై బస్సు అందుకోవాలంటే ఇప్పుడే బయల్దేరాలండి, ఆటో పిలవమంటారా?" అన్నారు. ఆవిడ ఆటో వద్దని చేత్తోనే చెప్పి, నన్ను కూర్చోమని కుర్చీ చూపించింది. కూర్చున్నాను. ఆ బస్సు వెళ్ళిపోయింది. పదీ పాతికకి ఇంకొకటి ఉంది. ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది.