ఐదో ఫొటో దగ్గర ఆగే మనిషి

దెయ్యాల మాట ఎత్తితే నవ్వేసి లేచిపోయే మనిషిని నేను. కంప్యూటర్స్‌లో డిగ్రీ చేశాను. ఏం జరిగినా దానికి ఎక్కడో ఒక కారణం ఉంటుందని ఇప్పటికీ అనుకుంటాను. పది నెలల పాప ఇప్పుడే నిద్రపోయింది. అది లేచేలోపు జరిగింది జరిగినట్టు రాసేస్తాను.

మాది నరసరావుపేట. మా అక్క పసిపిల్లల జుబ్బాలు, గౌన్లు కుట్టేది. వాటిని అమ్మడానికి నేనొక చిన్న వెబ్‌సైటు చేశాను. ఒక్కోదానికి ఐదు ఫొటోలు. ఐదోది బట్టను తిరగేసి, లోపలి కుట్టు కనపడేలా తీసింది. అది అక్క పట్టుదల. కొట్టుకి వెళ్ళినా గౌను చేతికి రాగానే తిరగేసేది.

"ఏందే, పైన పూలు చూసి మురిసిపోతావ్? బిడ్డ ఒంటికి తగిలేది లోపల కుట్టే గదా" అనేది.

సైటులో అనలిటిక్స్ పెట్టాను. వచ్చినవాళ్ళ పేర్లు తెలియవు. కానీ ఒక్కో ఫోనుకి ఒక గుర్తింపు అంకె పడుతుంది. ఆ ఫోను ఏ పేజీ నుంచి ఏ పేజీకి వెళ్ళిందో, ఏ ఫొటో దగ్గర ఎంతసేపు ఆగిందో కనిపిస్తుంది. దాదాపు అందరూ మొదటి ఫొటో, ధర చూసి వెళ్ళిపోతారు. సైటును మొదట తెరిచింది అక్క ఫోనులోనే. ఆ అంకె నాకు కంఠతా వచ్చు.

"నేను ఎటెటు తిరిగానో రాస్తదా ఇది? మా అత్తకు చెప్పమాకే" అని నవ్వింది ఆ రోజు.

నాకు పాప పుట్టిన రెండో నెలలో అక్క జ్వరంతో గుంటూరు ఆసుపత్రిలో చేరింది. వారంలో పోయింది. బాలింతవి, చంటిపిల్లతో చావింటికి రాకూడదన్నారు. నేను అక్కను చూడలేదు.

అక్క ఫోను సిమ్ తీసేసి బావ నాకిచ్చాడు. బీరువాలో పెట్టాను.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం అనలిటిక్స్‌లో అక్క ఫోను అంకె కనిపించింది. మూడు గంటలకు వచ్చింది. ప్రతి పేజీలో నాలుగు ఫొటోలు ఆగకుండా దాటి, ఐదోదాని దగ్గర నిమిషాల తరబడి ఆగింది. బీరువా తీసి చూశాను. ఫోనులో చార్జింగే లేదు.

ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లు అలాగే వచ్చేది. పాపను ఒళ్ళో వేసుకుని, ఆ అంకె ఒక గౌను నుంచి ఇంకో గౌనుకి వెళ్తుంటే చూస్తూ కూర్చునేదాన్ని.

మా ఆయన మాత్రం, "మనిషి కాదు, ఏదో కంప్యూటర్ ప్రోగ్రామే. ఐదోదాని దగ్గర ఆగమని ఎవడో రాసుంటాడు. నువ్వు చానా రోజులుగా నిద్రపోవట్లేదు, ముందు పడుకో" అన్నాడు.

తేల్చుకోవాలనిపించింది. లోపలి కుట్టు ఫొటోలన్నిటినీ మొదటికి మార్చాను. ప్రోగ్రామైతే ఐదోదాని దగ్గరికే పోతుంది కదా.

మర్నాడు మూడింటికి వచ్చింది. ఒకే ఒక్క గౌను తెరిచింది. మొదటి ఫొటో దగ్గరే నాలుగు నిమిషాలు ఆగింది. ఐదోదాకా వెళ్ళలేదు. ఇంకో పేజీ తెరవకుండా వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు.

ఆ సాయంత్రమే ఫొటోలు ఎప్పటిలా మార్చేశాను. నాలుగు నెలలైంది. ఆ అంకె ఇంకో ఫోనుకి ఎలా వస్తుందని తెలిసినవాళ్ళను అడిగాను. రాదన్నారు. మరి ఎలా వచ్చిందో నాకూ తెలియదు.

అది అక్క కాదని ఎవరైనా నాకు రుజువు చేస్తే బాగుండు. అప్పుడైనా, నమ్మకం లేక నేను పరీక్ష పెట్టి పంపేసింది అక్కను కాదని అనుకుంటాను.