పిన్ని పెళ్లిలో కరెంటు

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, లోకంలోని కష్టాలన్నిటికీ మా కంపెనీ బ్యాటరీల్లో మందు ఉందని మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని. గవర్నర్‌పేటలో మేడ మీద రెండు గదుల ఆఫీసు మాది. కరెంటు పోతే పనిచేసే ఇన్వర్టర్లు అందరూ అమ్ముతారు. మేము అమ్మేవి వేరు. కరెంటు ఉంటూనే ఒక్క క్షణం నీరసించిపోతుందే, ఆ లోటును బ్యాటరీతో పూడ్చే పెట్టెలు. "పోని కరెంటుకి పెట్టె దేనికమ్మా?" అనేవారు వచ్చినవాళ్లు. నేను పవర్ క్వాలిటీ గురించి ఆవేశంగా చెప్పేదాన్ని. వాళ్లు మంచినీళ్లు తాగి వెళ్లిపోయేవారు. (మా ఆఫీసులో నీళ్లు మాత్రం చల్లగా ఉండేవి.)

అప్పుడే ఉయ్యూరులో మా పిన్నికి పెళ్లి కుదిరింది. చర్చిలో కీబోర్డు వాయించేది ఆవిడే. ఊళ్లో అందరి పెళ్లిళ్లకీ వాయించి వాయించి, నలభై దాటాక తన పెళ్లికి ఒప్పుకుంది, బందరులో పనిచేసే ఒక మాస్టారితో. చర్చిని ఆనుకునే పిండి మర. దాని మోటారు వేసినప్పుడల్లా చర్చిలో లైట్లు మసకబారేవి, కీబోర్డు ఠక్కున ఆగి మళ్లీ మొదలయ్యేది. పిన్ని ఒక చేత్తో బటన్లు సరిచేసుకుంటూ, రాగం నోటితో అందుకుని, ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చేది. ఇప్పుడు ఆవిడ పెళ్లికూతురు కాబట్టి వాయించాల్సింది నేను. ఆవిడ దగ్గర నేర్చుకున్నదాన్నే గానీ, మధ్యలో ఆగితే ఎక్కడ ఎత్తుకోవాలో నాకు తెలియదు.

"ఆ పూట మర ఆపమంటే?" అన్నాను.

"ఎలా ఆపుతాడే? విందుకి మసాలా పట్టేది ఆయనేగా," అని నవ్వి, పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "ఒక్కసారైనా నేను వాయించకుండా, ఊరికే నిలబడి వినాలనుందే."

పెళ్లి ముందురోజు మేనేజరు గారిని బతిమాలి, షోరూంలో చూపించే పెట్టె తీసుకుని ఉయ్యూరు బస్సెక్కాను. "ఏంటమ్మా అది, గ్రైండరా?" అన్నాడు కండక్టరు. "పవర్ క్వాలిటీ అండీ," అన్నాను. "క్వాలిటీ అయినా క్వాంటిటీ అయినా, సీటు మీద కూర్చుంటే టికెట్టే!" అన్నాడు.

పెళ్లిరోజు గోడ నుంచి పెట్టెకి, పెట్టె నుంచి కీబోర్డుకి వైర్లు కలిపి కూర్చున్నాను. తెల్లచీరలో పిన్ని మెల్లగా నడిచి వస్తోంది, నేను వాయిస్తున్నాను. అంతలో పక్కన మర గుర్రుమంది. లైట్లు మసకబారాయి. కీబోర్డు మాత్రం ఉలకలేదు! తగ్గిన కరెంటును బ్యాటరీ అందుకుంది. "పనిచేసింది!" అని అరుస్తూ రెండు చేతులూ పైకెత్తేశాను.

కీబోర్డు ఆగలేదు గానీ నేను ఆగిపోయాను. ఏ మెట్టు నొక్కాలో బుర్రకి తట్టడం లేదు. (ఆ లోటుకి మా కంపెనీ పెట్టె తయారుచెయ్యలేదు.)

పిన్ని నడక ఆపి నా వైపు చూసింది. చేతిలోని పూలగుత్తి తీసుకెళ్లి పెళ్లికొడుకు చేతిలో పెట్టి, వచ్చి నా పక్కన కూర్చుని, "జరుగు," అంది. నేను వదిలేసిన చోటే ఎత్తుకుంది. మర మళ్లీ గుర్రుమంది, లైట్లు మళ్లీ మసకబారాయి, పాట మాత్రం తెగలేదు. మాస్టారు పూలగుత్తి పట్టుకుని వచ్చి కీబోర్డు పక్కనే నిలబడ్డారు. పాస్టరు గారు బైబిలు మూసి, నవ్వుతూ పాట అయ్యేదాకా ఆగారు.

విందు దగ్గర, "వినాలన్నావు, నీ చేతే వాయింపించాను పిన్నీ," అని ఏడుపుమొహం పెట్టాను.

"పిచ్చిదానా, ఇన్నేళ్లలో ఎత్తుకున్న పాట మధ్యలో తెగకుండా చివరిదాకా వాయించింది ఇవాళేనే," అని తన ఆకులోని ముక్క తీసి నా ఆకులో వేసింది.

ఇప్పుడు నేను లారీల్లో బ్యాటరీలు తీసుకెళ్లి కోల్డ్ స్టోరేజీల్లో పెట్టిస్తుంటాను. బాగా పనిచేస్తే గంభీరంగా తలూపి ఊరుకుంటాను, నా వయసుకి అదే మర్యాద. కానీ పెళ్లి మధ్యలో చేతులెత్తి అరిచిన ఆ పిల్ల గుర్తొస్తే ముద్దొస్తుంది. అంత చిన్న పెట్టెకి అంత సంతోషపడటం నాకిప్పుడు చేతకాదు.