బయట సందులో బాబు

తలుపుకేసి చూస్తూ తినేవాళ్లు మెగురో పేటలో, పుల్లకు గుచ్చి కాల్చిన కోడిముక్కలు పెట్టే ఆ ఖరీదైన యకితోరి హోటల్‌లో రోజుకొకరైనా కనిపిస్తారు. ఇవాళ ఆ వంతు చిసాతో అనే ఆమెది. ఆమె పుట్టినరోజని భర్త కెంగో ఎలాగో ఒక్క చోటు సంపాదించాడు. చిన్నపిల్లల్ని లోపలికి రానివ్వరు కనుక, నెలల బాబును గుండెకు కట్టుకుని తను బయట సందులో తిరుగుతున్నాడు. కుర్చీ అంచున కూర్చున్న ఆమె, కాలిన కోడిముక్కను పుల్ల నుంచి ఊడదీసి, చీల్చి, లోపల ఎర్రగా ఉందేమోనని దీపం వైపు ఎత్తి చూస్తోంది.

“పుల్లతోనే తినాలమ్మా. ఊడదీస్తే రసం పోద్ది,” అన్నాడు బొగ్గుల మీద విసనకర్రతో విసురుతున్న యజమాని.

“మా బాబు ఏడుస్తున్నాడండీ.”

“అది కొవ్వు నిప్పుల మీద పడే చప్పుడమ్మా.”

అయినా ఆమె లేచి బయటికి పరుగెత్తింది. కెంగో దీపస్తంభం కింద నిలబడి, పక్క కొట్లో కొన్న వేపుడు కోడి నములుతున్నాడు. నిద్రపోతున్న బాబు తల మీద వేపుడు పొడి రాలి ఉంది.

“లేచాడా?”

“లేచాడు, పాలు తాగాడు, నవ్వాడు, పడుకున్నాడు. నీకోసం ఒక్కసారి కూడా వెతకలేదు. పో, హాయిగా తిను.”

ఆమె తిరిగొచ్చి కూర్చుంది. యజమాని వేడి పుల్ల ముందు పెట్టాడు.

“బాబు బాగున్నాడా?”

“చాలా బాగున్నాడు,” అంది ఆమె. ఒక్క ముక్క కొరికి, పుల్ల పక్కన పెట్టేసి, మళ్లీ తలుపుకేసి చూసింది.