తొంగున్నాది

హుకుంపేట కొండల్లో మా ఆసుపత్రికి వచ్చిన ఆ తండ్రి పేరు నాకు గుర్తులేదు. కూతురి పాదాలను తువ్వాలుతో కప్పడమే గుర్తుంది. జ్వరంతో తెచ్చిన ఆ చిన్నపిల్ల చనిపోయిందని నేనే చెప్పాను. అయినా తువ్వాలు జారినప్పుడల్లా మళ్ళీ కప్పేవాడు.

"డాట్రమ్మా, పోయిందని సెప్పకండి. మా గుంట తొంగున్నాదని సెప్పండి. అంబులెన్సోడు ఎక్కించుకుంటాడు," అన్నాడు.

తొంగోవడమంటే వాళ్ళ మాటలో నిద్రపోవడం. అంబులెన్సులో శవాన్ని ఎక్కించుకోరని అతనికి తెలుసు.

"అలా చెప్పలేను నాయనా. ప్రాణమున్నవాళ్ళు ఆ అంబులెన్సు కోసం ఎదురుచూస్తుంటారు," అన్నాను.

అతను వాదించలేదు. "మా ఊరు శానా దూరమమ్మా," అన్నాడంతే.

నేను ఫోన్ చేస్తే జీపులవాళ్ళందరూ శవమనగానే రామన్నారు. చివరికి అతను కూతుర్ని భుజానేసుకుని రోడ్డెక్కాడు. నేనూ వెంట నడిచాను. సంత నుంచి వస్తున్న జీపొకటి ఆగింది.

"ఏటైంది గుంటకి?" డ్రైవర్ అడిగాడు.

తండ్రి నావైపు చూశాడు. తువ్వాలు మళ్ళీ జారింది. ఈసారి నేను కప్పాను.

"తొంగున్నాది," అన్నాను. నా నోట ఆ మాట రావడం అదే మొదలు.

డ్రైవర్ ఆ పాదాలకేసి చూసి, ముందు సీటు ఖాళీ చేయించాడు. ప్రతి మలుపులోనూ హారన్ మోగే ఆ ఘాట్ రోడ్డు మీద, జీపు కనుమరుగయ్యేదాకా ఒక్క హారన్ కూడా వినబడలేదు.