గుణదల కొట్టంలో నా సెలవులు

తిరుపతిలో పశువైద్యం రెండో సంవత్సరం చదువుతుండగా మా నాన్న పోయాడు. ఉయ్యూరు దగ్గర చెరుకు తోటల్లో కూలి చేసి ఆయన పంపే డబ్బు ఆగిపోయింది. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు ఏడాది చివర్లో గానీ చేతికి రాదు. మెస్ బిల్లు కట్టలేక భోజనాల గదికి వెళ్లడం మానేసి, అటుకులు నానబెట్టుకుని తినేవాణ్ణి. ఎందుకు రావడం లేదని ఎవరూ అడగలేదు.

పేద విద్యార్థులకు సాయం చేసే ధర్మసంస్థ ఒకటి గవర్నర్‌పేటలో ఉందని మా పాస్టరుగారు చెప్పారు. వేసవి సెలవులు ఇవ్వగానే వెళ్లాను. గుమాస్తా నా సర్టిఫికెట్లు తిరగేశాడు.

"డాక్టరు కోర్సన్నావుగా?"

"పశువుల డాక్టరండీ."

"మేం మనుషుల డాక్టర్లకీ ఇంజినీర్లకీ ఇస్తాం బాబూ."

కాగితాలు తీసుకుని వెనుదిరిగాను. లోపలి గదిలోంచి సంస్థ పెద్దాయన పిలిచారు.

"మీ ఇంట్లో పాడి ఉందా?"

"లేదండీ. ఎప్పుడూ లేదు."

"మరి ఈ చదువెందుకు?"

"నా మార్కులకి ఈ సీటే వచ్చిందండీ."

ఆయన నా కాగితాలు తీసుకుని చూశారు. "నీ మెస్ ఖర్చు మేం కడతాం. సెలవుల్లో మాత్రం మా కొట్టంలో ఉండి ఆవుల్ని కనిపెట్టుకోవాలి."

సరేనన్నాను.

ఆ కొట్టం గుణదల దాటాక కాలువ పక్కన ఉండేది. పాలు పితికే మనిషి తెల్లవారుజామున వచ్చి, పని ముగించుకుని వెళ్లి, మళ్లీ సాయంత్రమే వచ్చేవాడు. మధ్యలో నేనూ, ఆవులూ. ఒక ఆదివారం గుణదల చర్చి ఉన్న కొండ దగ్గరికి వెళ్లాను. చెట్ల కింద కుటుంబాలు క్యారేజీలు విప్పుకుని తింటున్నాయి. వాళ్ల మధ్య ఒక్కణ్ణే కూర్చోలేక వచ్చేశాను. ఆ తర్వాత ఆవులతో మాట్లాడటం అలవాటైంది.

ఒక మధ్యాహ్నం చూలు ఆవొకటి నొప్పులు పడుతోంది. దూడ ముందరి కాళ్లు బయటికి వచ్చాయి, తల రావడం లేదు. మెడ వెనక్కి తిరిగి ఉంటుందని అర్థమైంది. కాలేజీలో అది చూశానే గానీ చెయ్యి పెట్టింది లేదు. పిలవడానికి చుట్టుపక్కల మనిషి లేడు. మోచేతి పైదాకా సబ్బు రాసుకుని, దూడను మెల్లగా లోపలికి నెట్టి, తల ఇటు తిప్పడానికి ప్రయత్నించాను. ఆవు బిగబట్టినప్పుడల్లా నా చెయ్యి నలిగిపోయేది. చివరికి తల దొరికింది. దూడ నేల మీద పడి తుమ్మింది. తల్లి దాన్ని నాకుతుంటే నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. నాన్న ఉంటే మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాడు.

మర్నాడు పాలమనిషికి చెప్పి ఉయ్యూరు బస్సెక్కాను. అమ్మ వాకిట్లో కూర్చుని ఎవరిదో చింతపండు గింజలు తీస్తోంది. అంతా విని, వాచిన నా చెయ్యి పట్టుకుంది.

"అంతసేపూ ఎవరూ రాలేదా నాయనా?"

"రాలేదమ్మా. నువ్వెలా ఉన్నావు?"

"నాకేం. పొద్దున వండిందే రాత్రికీ తింటన్నా. ఒక్కదానికి రెండుసార్లు పొయ్యి ఎందుకులే."

చదువు పూర్తయ్యేదాకా ధర్మసంస్థ నా మెస్ ఖర్చు కట్టింది. ఆ దూడ పుట్టిన మరుసటి వేసవిలోనే పెద్దాయన దగ్గరికి వెళ్లి, అమ్మని కూడా కొట్టంలో ఉండనిస్తారా అని అడిగాను.

"వంటకి చోటు సరిపోతుందా?" అన్నారాయన.

ఇద్దరికీ రెండుపూటలా వండుకోవడానికి సరిపోతుందన్నాను.